తొమ్మిది లాంటి ఒకటి

మిర్చి చేతులతోని కండ్లు తుడ్సుకోవద్దు.
ధర్మాబాద్‌ల ఏ ఆడామెకైనా
ఇది ఒకరు చెప్పే పని లేదు.
గందుకే మా బజార్ల
బాకీలోళ్ళ ముందట ఎవ్వరం ఏడ్వం.

కిలో మిర్చికి తొడిమెలు తీస్తే పన్నెండు రూపాలు.
నేను పైసల్ని పైసల లెక్క చూడ,
కిలోల లెక్క చూస్త.
సిలిండర్ అంటే డెబ్బై ఆరు కిలోలు.
రుక్మ బూట్లు ఇరవై.
మా ఆయన కడుపుకోత, నాందేడ్ దవాఖాన్ల,
అది కిలోలల్ల చెప్పరాదు,
లారీలల్ల చెప్పాలె.

ఆ లారీ మోసినోళ్ళు ముగ్గురు:
బుధవారం గుంపు మీటింగ్ పెట్టే ఫైనాన్స్ పిలగాడు,
బాసర అవుతల మా మేనత్త,
కొత్తావార్ సేట్.

మేనత్త అడగది. గదే ఆమె వడ్డీ.
ఫైనాన్స్ సంజీవ్, ఒక్కామె కట్టకుంటే
పదిమందిని ఎండల కూసోవెడ్తడు;
ఆయన చెవుల గూడ ఎవడో
ఫోన్ల మొత్తుకుంటనే ఉంటడు.
సేట్ ముత్తాతలు మనోళ్ళే.
ఇంటిపేరుకు తోక మొలిసినంక
మరాఠీల అప్పిస్తడు,
తెలుగుల తిడ్తడు.

"సేట్, నాది ఇంకెంతున్నది?" అన్న ఒకనాడు.
తలెత్తలే. వహీ సూసి
సిగరెట్ డబ్బా అట్ట చింపి రాసిచ్చిండు:

१०००

నేను చదివింది బోధన్‌ల, తెలుగు బడి, అయిదు దాక.
గుండు తల, కిందికి తోక.
తొమ్మిది వేలు.
ఏడువందల యాభై కిలోలు.

మూడు రాత్రులు
ఇంట్ల అందరు ఘాటుకు దగ్గితే
నేను లెక్కకు దగ్గిన.
నాలుగో దినం సంజీవ్‌ను అడిగిన, ఇంకో పదివేలు ఇప్పియ్యిమని.
ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు.
తొమ్మిది పూడ్చనీకి పది తవ్వాలె,
అప్పు ఎప్పటికీ మట్టిపనే.

రుక్మ మూడో తరగతి, మరాఠీ బడి.
జిరాక్సుల నడుమ అట్టముక్క సూసి
పెన్సిల్ నోట్ల నుంచి తీసి అన్నది:
"తొమ్మిది కాదే అమ్మా, ఏక్.
తొమ్మిది తోక ఇట్ల తిరుగుతది."
నా అరచేతిల గీసి చూపెట్టింది.
మండింది.

ఎనభై మూడు కిలోలు.
మీద రెండు పిడికిళ్ళు.

సేట్ అబద్ధం ఆడలే.
చదివి చెప్పలే, గంతే.
ఆ రెండిటి నడుమ ఎందరి వడ్డీ పండుతదో
ఆయనకు ఎరుకనా, తెల్వదు.
నేను గూడ అడగలే.

ఐతారం పోయిన. అన్ని పదులు, ఇరవైలు.
లెక్కవెడ్తుంటే సేట్ తుమ్మిండు, రెండుసార్లు.
బాండ్ కాయితం అడిగిన. సొరుగంత ఎతికి ఇచ్చిండు.
అండ్ల నా సంతకం వంకరగున్నది,
దవాఖాన బల్ల మీద పెట్టింది.

"ముట్టినయ్ అని రాసియ్యి సేట్, తెలుగుల."
పెన్ను పట్టుకొని ఆగిండు.
మాట వస్తది గాని అక్షరం రాదట,
తాత కాలంల్నే పోయిందట.
చెప్పి నవ్విండు.
నాకు పాపమనిపించింది,
కొంచెమే.

నేనే రాసిన.
ము. ట్టి. న. య్.
కింద ఆయన సంతకం మరాఠీల,
నాకు చదవరాలే.
రుక్మకు చూపెట్టెదాక కొంగుల ముడేసుకున్న.

బుధవారం సంజీవ్ అడిగిండు, పదివేల ఫారం ఏదని.
వద్దన్న.
ఆరువందల నలభై హప్తా కట్టి
తారీఖు రాయించుకున్న, ఎందుకని మొఖం సూసిండు.
యాభై మూడు కిలోలు వారానికి.
ఇంకెన్ని వారాలో
రుక్మ పొయ్యికాడ గోడ మీద బొగ్గుతోని రాసింది:

१९

అండ్ల ఒకటేదో, తొమ్మిదేదో
నిద్రల లేపి అడుగుండ్రి.